‘వలస’ అను మాట – దాని అర్థము, వాడుక

(తల్లిదండ్రుల కొరకు)

మన పాఠశాలలో ఎనిమిదవ తరగతి విద్యార్థులచేత “మా కుటుంబము” అను వ్యాసము వ్రాయించుట వాడుక. ఆ వ్యాసములను దిద్దునపుడు “మేము వలసవారము” అను వాక్యము తరచుగా కనబడుచుండును. అట్లు వ్రాయు పిల్లలలో రెండేండ్ల క్రిందట రైల్వే ఉద్యోగముపై బదిలీయై వచ్చినవారి బిడ్డలు కలరు. ఎన్నో తరములుగా బరంపురమునందే మగ్గము నేయు కుటుంబముల బిడ్డలు కలరు. తాతముత్తాతల భూమినే దున్నుకొనుచు ఏ యూరికిని కదలని రైతుల బిడ్డలును కలరు. ముగ్గురును ఒకే మాట వ్రాయుచున్నారు. ఆ మాట ముగ్గురికిని సమానముగా చెల్లునా యని ఆలోచింపవలసియున్నది.

పిల్లలు ఈ మాటను బడిలో నేర్చినవారు కారు; ఇంటిలో విన్నారు. బడిలో చేర్చు దినములలో కొందరు తల్లిదండ్రులు, “మనం పరాయిచోటికి వలసొచ్చినవాళ్లం కదండీ! తెలుగు ఇంట్లో మాట్లాడుకుంటే చాలదా? బడిలో కూడా ఎందుకు?” అని అడుగుచుందురు. ఆ ప్రశ్నలో బిడ్డ భవిష్యత్తును గూర్చిన దిగులున్నది. దానిని తేలికగా త్రోసివేయరాదు. అయితే ఆ దిగులునకు ఆధారమైన మాటను సరిగా తెలిసికొన్నచో దిగులు కొంత తగ్గును. అందులకే ఈ పాఠము.

1. మొదటి అర్థము

‘వలస’ సంస్కృతమునుండి తెచ్చుకొన్న మాట కాదు, మన మాటయే. ఇరుగుపొరుగు భాషలందును ఇది కలదు. కన్నడమున ‘వలసె’ అందురు. తమిళమున ‘వలసై’ అందురు. నేడు అచట దానిని ముఖ్యముగా పక్షుల రాకపోకలకు వాడుచున్నారు.

బ్రౌను దొర 1852లో ప్రకటించిన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువులో ఈ మాటకు శత్రుసైన్యమునకు భయపడి ఇల్లు విడిచిపోవుట యను అర్థము చెప్పబడినది. దండు వచ్చుచున్నదని తెలియగానే పిల్లలను, గొడ్డుగోదను వెంటబెట్టుకొని ఊరు ఖాళీచేసి పోవుటయే వలస. దండు కదలిపోయిన తరువాత తిరిగివచ్చినవారు ఉండిరి. పోయినచోటనే నిలిచినవారును ఉండిరి. మొదట ఈ మాటలో భయమే ప్రధానము.

తరువాత కరువులు వచ్చినవి. 1866లో ఒడిశాను, గంజామును పీడించిన కరువును ఒడియావారు ‘నఅంక దుర్భిక్షము’ అని నేటికిని తలచుకొందురు. 1876–78 సంవత్సరముల కరువును రాయలసీమవారు ‘ధాత కరువు’ అందురు. దండునకు భయపడి పోయినట్లే ఆకలికి భయపడియు జనులు ఊళ్లు విడిచిరి. ఆ పోకకును వలస యనియే పేరు. ఆపైన కరువు లేకున్నను, మెరుగైన కూలి కొరకు పోవుటకు సైతము ఇదే మాట వచ్చినది. ఇట్లు శత్రుభయమునుండి ఆకలికిని, ఆకలినుండి బ్రతుకుతెరువునకును మాట యొక్క అర్థము విస్తరించినది.

ఈ మూడు విధములను మన పెద్దలు పలుకుబడులలో వేరువేరుగానే గుర్తించిరి. భయపడి పారిపోయినవానిని “కట్టుబట్టలతో పోయినాడు” అందురు. కూటికొరకు పోయినవానిని “పొట్ట చేతబట్టుకొని పోయినాడు” అందురు. తీరికగా ఇల్లు మార్చుకొన్నవానిని “మూటాముల్లె సర్దుకొని పోయినాడు” అందురు. ఉద్యోగి యూరు మారినచో అది ‘బదిలీ’. ఆడపడుచు యూరు మారినచో అది ‘కాపురమునకు పోవుట’. వీనిని ఎవరును వలస యనరు. పిల్లలకు ఈ భేదములు తెలియవలయును.

2020 మార్చిలో కరోనా కారణముగా దేశమంతటను రాకపోకలు నిలిపివేయబడినపుడు ‘వలస కూలీలు’ అను మాట ప్రతి యింటను వినబడెను. ఆ సంవత్సరము మే నెలలో సూరతునుండి గంజామునకు శ్రామిక రైళ్లు నడచినవి. సూరతు మరమగ్గములలో పనిచేయుటకు మన జిల్లానుండి పోవువారు ఎందరో మనకు తెలియును. వారిలో ఎక్కువమంది మన ఒడియా సోదరులే. సూరతులో వారు వలస కూలీలు. ఇచట సొంత యిల్లు, పొలము గల గృహస్థులు. మనిషి ఒక్కడే, మాట మారినది. దీనినిబట్టి వలస యనునది మనిషి పుట్టుకకు గుర్తు కాదనియు, అతడు చేసిన ఒక ప్రయాణమునకు పేరు మాత్రమే యనియు గ్రహింపవచ్చును. ఈ పాఠమున మొదట గుర్తుంచుకొనవలసినది ఇదియే.

2. పోవుట, వచ్చుట

ఇంగ్లీషువారికి దేశము విడిచి పోవుటకు ‘ఎమిగ్రేషన్’ అనియు, దేశములోనికి వచ్చుటకు ‘ఇమ్మిగ్రేషన్’ అనియు రెండు మాటలున్నవి. చదువుకొన్నవారు సైతము ఆ రెంటిని తారుమారు చేయుదురు. తెలుగున ఆ బాధ లేదు. నామవాచకము ఒక్కటియే, దాని ప్రక్కన చేరిన క్రియ మొత్తము సంగతిని చెప్పును. వలసపోవు, వలసవచ్చు.

ఈ రెండు క్రియలలో ఏది వాడవలయునో నిర్ణయించునది పోయినవాడు కాదు, మాటాడువాడు. మాటాడువాడు ఎచట నిలిచి చెప్పుచున్నాడో ఆ చోటునుబట్టి క్రియ మారును. ఒక ఉదాహరణము చూడుడు. ఇచ్ఛాపురమున నున్న మేనత్త, “మా అన్న బరంపురం వలసపోయాడు” అనును. బరంపురమున నున్న ఆ యన్న కొడుకు, “మా నాన్న ఇచ్ఛాపురంనుంచి వలసవచ్చాడు” అనును. ఇద్దరు చెప్పినదియు ఒకే మనిషిని గూర్చి, ఒకే ప్రయాణమును గూర్చి. మేనత్తకు అన్న దూరమైనాడు. కొడుకునకు నాన్న దగ్గరకు వచ్చినాడు. ఆ కొడుకు “మా నాన్న ఇక్కడికి వలసపోయాడు” అన్నచో వ్యాకరణమే ఒప్పుకొనదు.

మన పిల్లవాడు తెలియకుండగనే “వచ్చాడు” అనుచున్నాడు. అనగా అతని మాటకు నిలువచోటు బరంపురమే. అతని యిల్లు ఇదియే యని అతని క్రియాపదము సాక్ష్యము పలుకుచున్నది. అట్టి బిడ్డకు “ఇది పరాయిచోటు” అని మనము నేర్పుట ఉచితమా?

ఇంకొక సంగతి. వచ్చు, పోవు అను క్రియలకు కర్త యుండవలయును. ఎవరు వచ్చిరి? తాతయా, తండ్రియా, ముత్తాత తండ్రియా? “మా తాత వలసవచ్చినాడు” అనునది సరియైన వాక్యము. “మేము వలసవారము” అనునపుడు ఆ తాత చేసిన పనిని మనుమని పేరిట వ్రాయుచున్నాము. తాత కట్టిన ఇల్లు మనుమనికి సంక్రమించును గాని, తాత నడచిన నడక సంక్రమింపదు.

దేశము విడిచి పోవువారికి ఈ మాట యొక్క చట్టపు రూపము కూడ తెలియుట మేలు. 1983లో చేయబడిన ఎమిగ్రేషన్ చట్టము క్రింద, పదవ తరగతి తప్పినవారు గల్ఫు మొదలగు కొన్ని దేశములకు పనికి పోవునపుడు ప్రత్యేకానుమతి తీసికొనవలయునను నిబంధన ఏర్పడినది. వారి పాస్‌పోర్టుపై దానికి గుర్తు ఉండును. పదవ తరగతి పూర్తిచేయించుటకు ఇదియు ఒక కారణమని తల్లిదండ్రులు గ్రహింతురుగాక.

3. ఊరి పేరైన వలస

శ్రీకాకుళము, విజయనగరము, పార్వతీపురము ప్రాంతముల పటమును తెరచి చూడుడు. ఆమదాలవలస, కొత్తవలస, జియ్యమ్మవలస – ఇట్లు ‘వలస’తో ముగియు గ్రామములు అనేకములు కనబడును. వీనిలో కొన్నిటి గుండ రైలులో పోవునపుడు స్టేషను బల్లలపై ఈ పేర్లు మన పిల్లలు చదివియే యుందురు; వాని అర్థమును మాత్రము అడిగి యుండరు.

ఈ పేర్లలో వలస యనగా పోవుట కాదు, నిలుచుట. ఎచటినుండియో వచ్చినవారు గుడిసెలు వేసికొని నిలిచిన చోటు. పేట, పాలెము, గూడెము అనునట్లే వలస కూడ ఒక నివాసమునకు పేరైనది. పోవుటకు పేరైన మాట నిలుచుటకును పేరగుట వింతగా తోచవచ్చును. కాని మన పెద్దలకు అది వింత కాలేదు. వచ్చినవారు బావి త్రవ్విరి, గుడి కట్టిరి, పొలము చేసిరి, వలస ఊరైనది. నేడు ఆమదాలవలసలో పుట్టినవానిని ఎవరును వలసవాడనరు, ఆమదాలవలసవాడందురు.

పక్షుల సంగతి వేరు. ప్రతి శీతకాలమున చిలికా సరస్సునకు దూరదేశములనుండి లక్షల పక్షులు వచ్చి, వేసవి రాగానే మరలిపోవును. శ్రీకాకుళము జిల్లా తేలినీలాపురమునకు గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి గూళ్లు కట్టి పిల్లలతో మరలును. ‘వలసపక్షులు’ అను మాటలో ఈ తిరుగుప్రయాణము కూడ చేరియున్నది. కావుననే ఒకచోట నిలువని మనుష్యుని వలసపక్షి యని ఎత్తిపొడుచుట, పార్టీలు మారు నాయకులను పత్రికలవారు అట్లు వ్రాయుట వాడుకలోనికి వచ్చినది. తరతరములుగా ఒకే వీధిలో నున్న కుటుంబమునకు ఆ మాట ఎట్లును అతుకదు.

4. దగ్గరి మాటలు

పిల్లలు వలస యను మాటతో కలిపి పొరపడు మాటలు కొన్ని కలవు. వానిని వేరుచేసి చూపవలయును.

కాందిశీకుడు: ‘కాం దిశమ్’ అనగా ‘ఏ దిక్కునకు’ అని అర్థము. ఏ దిక్కునకు పోదునా యని దారి తోచక పరుగెత్తువాడు కాందిశీకుడు. అమరకోశమునందే ఈ మాట భయముచే పారిపోవువాడను అర్థమున కలదు. 1947లో దేశవిభజన కాలమున ఇల్లు కోల్పోయి వచ్చినవారిని తెలుగు పత్రికలు ఈ పేరుతోనే పిలిచినవి. తెలుగువారిలోను కాందిశీకులు ఉండిరి. యానాము ప్రక్కనున్న కోరంగి రేవు పేరిట బర్మాలో తెలుగువారిని ‘కోరంగీలు’ అనుచుండిరి. మన గోపాలపురము రేవునుండియు ఎందరో ఓడలెక్కి రంగూనుకు పనికి పోయిరి. 1941 డిసెంబరులో జపానువారు రంగూనుపై బాంబులు వేయగా, 1942లో వేలకొలది జనులు కొండలు, అడవులు దాటి కాలినడకను తిరిగివచ్చిరి. మరల 1964లో అచటి ప్రభుత్వము వ్యాపారములను స్వాధీనము చేసికొనగా ఇంకను అనేకులు మరలివచ్చిరి. విశాఖపట్టణమున కంచరపాలెములోని బర్మా క్యాంపు పేరు వారి జ్ఞాపకమే. వారు పోయినపుడు వలసపోయిరి. వచ్చినపుడు కాందిశీకులై వచ్చిరి. ఒకే జీవితములో రెండు మాటలును పట్టుచున్నవి.

శరణార్థి: శరణము కోరువాడు. కాందిశీకుడను మాట పరుగును చెప్పును. శరణార్థి యను మాట ఆశ్రయమును అడుగుటను చెప్పును. పరుగెత్తుచున్నంతసేపు కాందిశీకుడు, ఒక తలుపు తట్టినపుడు శరణార్థి.

నిర్వాసితుడు: నివాసమునుండి తొలగింపబడినవాడు. నాగార్జునసాగరము, శ్రీశైలము, పోలవరము వంటి ఆనకట్టల క్రింద ఊళ్లు మునిగినవారికి ఈ మాట తగును. వారు తమంత తాము కదలలేదు, కదలింపబడిరి.

ప్రవాసి: ఇల్లు ఒకచోట నుండగా వేరొకచోట వసించువాడు. ప్రవాసమున తిరిగివచ్చు ఆశ యున్నది, ఇంటివద్ద ఎదురుచూచువారున్నారు. భర్త దూరదేశమున నుండగా ఎదురుచూచు నాయికను అలంకారశాస్త్రమున ‘ప్రోషితభర్తృక’ అనుటయు ఈ ధాతువునుండియే. దక్షిణాఫ్రికానుండి గాంధీ మహాత్ముడు 1915 జనవరి 9న తిరిగివచ్చిన దినమును 2003 నుండి ప్రవాసీ భారతీయ దినముగా జరుపుటలోను ఈ అర్థమే కలదు. ఇరుగుపొరుగు భాషలలో ఈ మాట దారి మారినది. కన్నడమున ‘ప్రవాసి’ యనగా యాత్రికుడు. మరాఠీలో ‘ప్రవాసీ’ యనగా బస్సులోను, రైలులోను కూర్చున్న ప్రయాణికుడు. బెంగుళూరు, షోలాపురము పోవు మన పిల్లలు ఆ బల్లలు చదివి పొరపడరాదు. అమెరికాకు చదువుకు పోయినవానిని ప్రవాసాంధ్రుడనుట సరియే. ఇచట పుట్టి, ఇచటనే పెరిగి, వేరొకచోట ఇల్లు లేనివానికి ఆ మాట వదులుగా నుండును.

వలసరాజ్యము: ఇది ఇంగ్లీషు ‘కాలనీ’కి మనవారు కూర్చుకొన్న మాట. ఇచట మాట తలక్రిందైనది. వచ్చినవాడు భయపడి వచ్చినవాడు కాడు, వచ్చి భయపెట్టినవాడు. చరిత్ర పాఠమున ‘వలసపాలన’ అని చదివిన బిడ్డ, ఇంటిలో ‘మనము వలసవారము’ అని విన్నప్పుడు ఈ రెండు వలసలకు గల భేదమును పెద్దలు చెప్పవలయును.

5. మనకు ఎంతవరకు చెల్లును?

1936 మార్చి 31 వరకు బరంపురము మద్రాసు రాజధానిలోని గంజాము జిల్లాకు చేరినది. ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రము ఏర్పడగా ఆ జిల్లా రెండైనది. ఇచ్ఛాపురము, సోంపేట, టెక్కలి, శ్రీకాకుళము దక్షిణపు ప్రక్కకు పోగా, బరంపురము ఒరిస్సాలో చేరినది. ఆ రాత్రి నిదురించిన రైతు తెల్లవారి లేచునప్పటికి వేరొక రాష్ట్రమున నుండెను. అతడు ఒక్క అడుగు వేయలేదు. హద్దు మాత్రమే జరిగినది. అతని మనుమలకు వలస యను మాట ఏ విధముగను చెల్లదు.

అదే సంవత్సరమున నిజముగా వలసపోయినవారును కలరు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో చిరకాలము ఉపాధ్యాయులై యుండిరి. పర్లాకిమిడి ఒరిస్సాలో చేరుట వారికి సమ్మతము కాలేదు. 1936లో ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరము చేరిరి. పోయినవారు వలసపోయిరి, నిలిచినవారు వలసవారు కారు. మాట ఇంత స్పష్టముగా నుండగా మనము తారుమారు చేయరాదు.

బరంపురపు పట్టునేతవారి కథ వేరు. తమ పూర్వులు మహురి రాజుల పిలుపుపై గోదావరి ప్రాంతమునుండి వచ్చిరని వారు చెప్పుకొందురు. వారు వలసవచ్చినమాట నిజమే. అయితే పిలువగా వచ్చినవారు. వారు నేసిన పట్టు నేడు బరంపురము పేరనే దేశమంతట తెలియును. ఈ ఊరి బుఢీ ఠాకురాణి జాతరలో పుట్టింటివారి మర్యాద ఆ నేతవారి కులపెద్ద యింటికే దక్కుచున్నది. ఊరి దేవత తమ ఆడపడుచుగా వచ్చు ఇంటివారిని పరాయివారనుట ఎట్లు?

మన పూర్వ రాష్ట్రపతి వరాహగిరి వేంకటగిరిగారిని తీసికొందము. వారి తల్లిదండ్రులు గోదావరి ప్రాంతమునుండి బరంపురము వచ్చిరి. ఆ దంపతులకు వలసవచ్చుట యను క్రియ సరిగా చెల్లును. 1894 ఆగస్టు 10న గిరిగారు బరంపురముననే జన్మించిరి. వారికి ఆ క్రియ చెల్లదు. 1969లో రాష్ట్రపతియైన ఆయనను బరంపురమువారందరును, ఒడియావారు తెలుగువారు అను భేదము లేక, మా ఊరివాడనియే చెప్పుకొందురు.

ఇతర రాష్ట్రములలోని మన తెలుగువారిని గూర్చియు ఇట్లే విచారింపవలయును. 1953లో ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినపుడు బళ్లారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకు రాగా, తక్కిన ఏడు తాలూకాలు మైసూరులో చేరినవి. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రమునకు పోయినది. యానాము 1954 వరకు ఫ్రెంచివారి పాలనలో నుండి, నేడు చుట్టును ఆంధ్రదేశమే యుండగా పుదుచ్చేరిలో భాగమై యున్నది. ఈ చోట్ల జరిగినది పలువురి విషయమున హద్దుల మార్పే. నాయకరాజుల వెంట మధుర, తంజావూరు సీమలకు పోయినవారు, తెలంగాణమునుండి షోలాపురము మగ్గములకు పోయినవారు వలసపోయినవారే. వారి మునిమనుమలు మాత్రము ఆయా యూళ్లవారే. 2011 జనగణనలో తమిళనాట 42 లక్షలకు పైగాను, కర్ణాటకమున 35 లక్షలకు పైగాను తెలుగు మాతృభాషగా చెప్పుకొనిరి. ఇందరిని ఒకే మాటతో కట్టివేయుట సాధ్యము కాదు.

6. ప్రభుత్వ పత్రములందు

జనగణనలో ‘వలస’ను గుర్తించుటకు ఇద్దమిద్దమైన పద్ధతి కలదు. మనిషి పుట్టినచోటు, అంతకుముందు నివసించినచోటు అడుగుదురు. లెక్కింపు జరుగుచున్న చోటుకంటె అవి వేరైనచో అతనిని వలసవచ్చినవానిగా వ్రాయుదురు. ఆ లెక్కను 2011లో దేశమున సుమారు 45 కోట్లమంది తేలిరి. వారిలో పెండ్లియై అత్తవారింటికి వచ్చిన స్త్రీలే మిక్కిలి హెచ్చు! బరంపురమున పుట్టి ఎచటికిని పోని మన తెలుగు బిడ్డ ఈ లెక్కలో వలసవాడు కాడు. ప్రక్క జిల్లానుండి కోడలై వచ్చిన ఒడియా ఆడపడుచు మాత్రము వలసవచ్చినదగును. మాతృభాష ప్రశ్న పూర్తిగా వేరు. బిడ్డకు చిన్నతనమున తల్లి ఏ భాషలో మాటాడెనో అదియే మాతృభాష. దాని ప్రక్కన వచ్చిన ఇతర భాషలను రెండు వరకు చెప్పవచ్చును.

కావున 2021లో జరుగక 2027కు నిర్ణయింపబడిన జనగణనలో మన సమాధానములు సూటిగా నుండవలయును. పుట్టినచోటు బరంపురమైనచో బరంపురము, మాతృభాష తెలుగు, వచ్చిన ఇతర భాషలు ఒడియా, హిందీ. ఈ మూటిలో ఒకదానికొకటి విరోధము లేదు. ఈ ఊరివారమని చెప్పుటకు తెలుగును దాచనక్కరలేదు. తెలుగువారమని చెప్పుటకు ఊరిని వదలుకొననక్కరలేదు.

రాజ్యాంగమున 30వ అనుచ్ఛేదము భాషాల్పసంఖ్యాకులకు విద్యాసంస్థలు స్థాపించి నడపుకొను హక్కునిచ్చినది. 1956లో చేర్చబడిన 350-ఏ అనుచ్ఛేదము ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యములు కల్పింపవలెనని చెప్పుచున్నది. ఎవరు అల్పసంఖ్యాకులో రాష్ట్రమును ప్రమాణముగా తీసికొని నిర్ణయింపవలెనని 2002లో టి.ఎం.ఏ. పాయి ఫౌండేషన్ వ్యాజ్యమున సుప్రీం కోర్టు తీర్పుచెప్పినది. మీరు ఎప్పుడు వచ్చితిరి, ఎందుకు వచ్చితిరి యని వీనిలో ఏదియు అడుగుటలేదు. మన పాఠశాల ఈ హక్కుపై నిలిచినదే గాని, వచ్చినవారిపై ఎవరో చూపిన దయపై నిలిచినది కాదు. “బడిలో తెలుగు ఎందుకు?” అని అడిగినవారికి ఇది మొదటి సమాధానము.

రెండవ సమాధానము గిడుగువారి జీవితమున కలదు. వారు తెలుగు పండితులై యుండియు పర్లాకిమిడి కొండలలోని సవరల భాషను నేర్చి, దానిలో పాఠపుస్తకములు వ్రాసిరి. తన భాషపై పట్టుగలవాడు పొరుగు భాషను భయము లేక నేర్వగలడు. మన బిడ్డలు ఒడియాను చక్కగా చదివి వ్రాయవలయును. ఈ ఊరిలో బ్రతుకువారికి అది విధి. అయితే ఒడియా వచ్చుటకు తెలుగు పోవలసిన పని లేదు.

పత్రముల సంగతి చెప్పునపుడు ఇంకొకటి. పై చదువునకు వేరొక బోర్డునకో, విశ్వవిద్యాలయమునకో పోవు విద్యార్థిని ‘మైగ్రేషన్ సర్టిఫికెట్’ అడుగుదురు. మన తెలుగువారమైనందున అడుగుచున్నారని కొందరు తల్లులు కలవరపడుదురు. అది అట్లు కాదు. విద్యార్థి ఒక బోర్డునుండి మరియొక బోర్డునకు మారుచున్నాడని చెప్పు కాగితము మాత్రమే. ఏ భాషవానికైనను ఒకటే నియమము. పరీక్ష నెగ్గిన వెంటనే దానిని తీసికొని భద్రపరచుట మంచిది.

7. ఇంటిలో చేయవలసిన అభ్యాసము

ఈ సెలవులలో తల్లిదండ్రులు తమ పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఈ క్రింది పని చేయింపగోరుచున్నాను.

(అ) ఇంటిపేరు వ్రాయించుడు. మన ఇంటిపేర్లలో పెక్కు ఊరి పేర్లే. అది ఏ ఊరు, పటములో ఎచట నున్నది, గుర్తింపుమనుడు.

(ఆ) మన కుటుంబములో ఈ ఊరికి మొదట వచ్చినదెవరు? ఎచటినుండి, ఎందుకు వచ్చిరి? తాతను, నాయనమ్మను, అమ్మమ్మను అడిగి, వారు చెప్పిన మాటలతోనే తెలుగున పది వాక్యములు వ్రాయింపుడు. ఎవరును రాకుండ ముందునుండియు ఇచటనే యున్నచో అదియే వ్రాయింపుడు. తెలియనిచో తెలియదని వ్రాయుటయే సరి, కల్పింపరాదు.

(ఇ) వలసపోయిరి, వలసవచ్చిరి, కాపురమునకు వచ్చెను, బదిలీయైరి, స్థిరపడిరి – ఈ ఐదిటిని కుటుంబములోని వారికి అన్వయించి ఒక్కొక్క వాక్యము వ్రాయింపుడు. ప్రతి వాక్యమునకు కర్త తప్పక యుండవలయును.

(ఈ) ప్రక్కయింటి ఒడియా కుటుంబములో సూరతుకో, మరి యే యూరికో పోయినవారున్నచో వారిని గూర్చి పిల్లవానిచేత అడిగించి, ఒడియాలో మూడు వాక్యములు వ్రాయింపుడు.

రెండవ అభ్యాసము మిక్కిలి ముఖ్యము. ఇంటి ముసలివారు గతించిన తరువాత ఆ సంగతులు చెప్పువారుండరు. వారు చెప్పునది తెలుగులో చెప్పుదురు. దానిని వ్రాసికొను బిడ్డకు తెలుగు వ్రాత వచ్చియుండవలయును. మాటాడుట మాత్రమే తెలిసినచో వినిన దినముననే ఆ కథ ముగియును.

పిల్లలు వ్రాసిన కాగితములను బడి తెరచిన వారములో తెలుగు ఉపాధ్యాయులకు అందజేయగోరుచున్నాను. వచ్చే యేడు “మా కుటుంబము” వ్యాసమున మొదటి వాక్యము ఎట్లుండవలయునో ఒక మాదిరి యిచ్చి ఈ పాఠమును ముగించుచున్నాను: “మా ముత్తాత ఈ ఊరికి వలసవచ్చినాడు, మేము ఈ ఊరివారము, మా యింటి భాష తెలుగు.”